ఒకే వాయి

మేడమీది గది, కిటికీ పక్క బల్ల
జనవరి 9

ఒసేయ్ పిల్లీ,

ఎవరు రాశారా అని ఉత్తరం చివరికి తిప్పి చూడకు. నిన్ను పిల్లీ అని పిలిచేవాళ్ళు ఈ లోకంలో పాతిక మందికి మించి ఉండరు. వాళ్ళలో ఒసేయ్ అనే ధైర్యం ఉన్నది ఒక్కతే. అవును, గంటనే. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ట్రంక్ బోర్డు మీద పన్నెండో సీటు, నీ కుడిచేతి పక్క.

నీ అడ్రసు తుమ్ము ఇచ్చింది. దుమ్ము లేకపోయినా తుమ్మేదే, ఆ మనిషే. మీ ఊరి మీదుగా వెళ్తూ బ్రెడ్డు కొందామని ఓ బేకరీలోకి వెళ్ళిందట. లోపల్నుంచి "ఎన్ని కావాలండీ?" అని వినబడేసరికి ఇది మన బోర్డు గొంతే అనుకుందట. మొహం చూస్తే నువ్వు. ఆ గొంతు ఎక్కడికి పోతుంది? పెదాల ముందు పలచ కాగితం పట్టుకుని, అది కదలకుండా నంబర్లు చెప్పమని ఆరు నెలలు మన ప్రాణం తీశారు కదా శిక్షణ మేడం. గంటలా మోగే నేనూ, పిల్లిలా గొణిగే నువ్వూ ఆ కాగితం ధర్మమా అని ఒకే గొంతు అయిపోయాం.

తుమ్ము నీ ఫోన్ నంబరూ ఇచ్చింది. నాలుగుసార్లు నొక్కబోయి మానేశాను. ముప్ఫై ఆరేళ్ళు ఎక్కడెక్కడివాళ్ళ మాటలు కలిపి కలిపి ఫోనంటే మొహం మొత్తింది. అదీ కాక, ఫోనైతే నువ్వు టక్కున పెట్టేస్తావు. ఉత్తరమైతే చింపేముందు కనీసం రెండు లైన్లు చదువుతావు.

సంగతేమిటంటే, మన బ్యాచ్ అంతా మే పన్నెండున కలుస్తున్నాం. పాత ఎక్స్‌ఛేంజి భవనంలోనే, మూడో అంతస్తు హాల్లో. చిన్న పుస్తకం కూడా వేస్తున్నాం. ముందుమాట నన్ను రాయమన్నారు. "ప్రియమైన బ్యాచ్‌మేట్లకు" అని మొదలుపెట్టి, అసలీ మాటకి అర్థమేమిటని మా ఆయన్ని అడిగాను. లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషిని అలాంటి ప్రశ్న అడగకూడదు. అటకమీంచి లావుపాటి నిఘంటువు దించారు, దుమ్ము దులిపారు, కళ్ళజోడు వెతుక్కున్నారు. అన్నం చల్లారిపోయింది.

బ్యాచ్ అంటే మొదట్లో మనుషుల గుంపు కాదట. ఓవెన్లోంచి ఒకేసారి బయటికి తీసిన రొట్టెలట. కాల్చడం అనే మాటలోంచే పుట్టిందట. మన భాషలో చెప్పాలంటే వాయి. తర్వాత్తర్వాత సరుక్కీ, కాగితాలకీ, ఒకేసారి చదివినవాళ్ళకీ అదే మాట వాడేశారు. ఇక మేట్ అంటే తిండి పంచుకునేవాడట, ఒకే బల్ల దగ్గర తినేవాడు. రెండు ముక్కలూ ఎవరో తర్వాతెప్పుడో అతికించారు. చూశావా, అందులో చదువు లేదు, పరీక్ష లేదు, పాసవడం లేదు. ఒక వాయిలో కాలినవాళ్ళు, ఒక డబ్బాలో తిన్నవాళ్ళు. అంతే.

అది వినగానే నువ్వే గుర్తొచ్చావు. నీకు బేకరీ ఉందని తుమ్ము చెప్పిందే అంతకు రెండు రోజుల ముందు.

ఆ జాబితా ఉంది చూడు, మన రెండో సీటు. ఇప్పటికీ ఏ పని చేసినా ముందు జాబితా రాస్తుంది. బ్యాచ్ జాబితా కూడా అదే రాసింది. ఇరవై మూడు పేర్లు. నీ పేరు లేదు. వేయించాలని నా పట్టు. ముందు నిన్నొక మాట అడుగుతాను. ఓవెన్ ముందు నిలబడేదానివి కాబట్టి నీకే తెలుస్తుంది. వాయిలో పెట్టిన రొట్టెల్లో ఒకటి కాలకముందే బయటికి వచ్చేస్తే, అది ఆ వాయిదే అంటారా, కాదంటారా?

జవాబు రాయి.

నీ గంట


బేకరీ, వెనక గది
జనవరి 27

గంట గారికి,

మీ ఉత్తరం అందింది. సంతోషం.

మీరడిగిన దానికి జవాబు. సగంలో బయటికి తీసిన రొట్టె మధ్యలో కూలిపోతుంది. మళ్ళీ లోపల పెట్టినా లేవదు. దాన్ని మేము ట్రేలో కలపం, గుడ్డమీద పక్కన పెడతాం. ఆరాక ముక్కలు కోసి, సన్నటి సెగమీద ఇంకోసారి ఎండబెడితే రస్కులవుతాయి. గట్టిగా ఉంటాయి, చాలాకాలం పాడవవు. పళ్ళు బాగున్నవాళ్ళే తినాలి.

ఏ వాయిది అని దాన్ని ఎవరూ అడగరు.

మీ ఆయన చెప్పిన అర్థం బాగుంది. మేము ఇక్కడ వాయి అనే అంటాం. పొద్దున్న నాలుగు వాయిలు, మధ్యాహ్నం రెండు. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఓవెన్ నేను చూస్తాను, కౌంటర్ మా అమ్మాయి చూస్తుంది. ఖాళీ ఉండదు. మే నెలలో అసలే ఉండదు.

జాబితా గారు రాసిన జాబితా సరిగానే ఉంది. మీరు శ్రమపడొద్దు.

ఇట్లు,
పదకొండో సీటులో కొంతకాలం కూర్చున్న మనిషి


మేడమీది గది
ఫిబ్రవరి 8

ఒసేయ్ పిల్లీ,

నన్ను మీరు అన్నావు! గారు కూడా తగిలించావు! మా కోడలు కూడా కోపం వస్తేనే నన్ను మీరు అంటుంది. ఉత్తరం మా ఆయనకి చూపిస్తే "చాలా మర్యాదగా రాసింది కదా" అన్నారు. ముప్ఫై ఏళ్ళు పుస్తకాలు చదివిన మనిషికి ఆ మర్యాదలో ఉన్న వాత కనబడలేదు.

రస్కు సంగతి అర్థమైంది. పళ్ళ సంగతి కూడా అర్థమైంది.

అయినా రాస్తాను. ముందుమాట కోసం గుర్తొచ్చినవన్నీ కాగితం మీద పెడుతున్నాను, పెట్టిందల్లా నీతోనే వస్తోంది. మొదటిరోజు బోర్డు చూసి నువ్వు "ఇన్ని తాళ్ళా, ఇది ఆఫీసా, మగ్గమా?" అన్నావు. టెలిఫోన్ డైరెక్టరీని గొంతెత్తి చదవమంటే, నువ్వు పేర్లకి బంధుత్వాలు కట్టేదానివి. ఈయన ఆయన బావగారు, వీళ్ళకి పడదు, అందుకే నంబర్లు దూరంగా ఉన్నాయి అని. నేను నవ్వితే కాగితం ఎగిరేది. మేడం నన్నే నిలబెట్టేవారు, నిన్ను కాదు. నీ మొహం చూస్తే పాలుతాగే పాప.

ఇద్దరికీ ఒక్కటే తిండి డబ్బా. ముందు వెళ్ళినవాళ్ళు సగం తిని, మధ్యలో చెంచాతో గీత గీసి వెళ్ళాలి. నువ్వు గీసే గీత ఎప్పుడూ నా వైపు పెద్దగా ఉండేది. ఆ సంగతి నేను అప్పుడు చూశాను, పైకి ఏమీ అనలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

పోయిన ఆదివారం జాబితా వాళ్ళింట్లో కూర్చున్నాం. వాయి సంగతి చెప్పి వాదించాను. "ఓవెన్లో పెట్టినప్పుడు ఇరవై నాలుగు. తీసినప్పుడు ఇరవై మూడు. లెక్కకి లోపల పెట్టినప్పటిది చూడాలి గానీ తీసినప్పటిది కాదు" అన్నాను. తుమ్ము చప్పట్లు కొట్టింది. జాబితా కళ్ళజోడు పైకి తోసుకుని, "నీ రొట్టెలు నాకెందుకు గానీ, ఆమెని ఎందుకు తీసేశారో మనందరికీ తెలుసు కదా? సబ్‌స్క్రైబర్ చెప్పిన మాట మార్చి చెప్పింది. మన పనిలో అంతకన్నా తప్పుందా? కావాలంటే అతిథిగా పిలుద్దాం, నాకేం అభ్యంతరం లేదు" అంది.

అందరూ నావైపు చూశారు. నేను కాఫీ తాగాను.

అతిథిగానైనా రావే. ఒక్కసారి చూడాలని ఉంది.

నీ గంట


బేకరీ, వెనక గది
మార్చి 2

గంటా,

నువ్వు కాఫీ తాగావా! చల్లారిపోకముందే తాగావా?

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. నీ డబ్బా, నీ చెంచా గీత చదివి నవ్వాను కూడా. తర్వాత ఆ కాఫీ మాట దగ్గర ఆగిపోయాను. నువ్వు ఇప్పటికీ అన్నీ గుర్తు పెట్టుకుని, ఆ ఒక్కరోజుని మాత్రం పక్కనుంచి దాటుకుంటూ పోతున్నావు. నేను దాటను. వరసగా చెబుతాను, తప్పుంటే దిద్దు.

బుధవారం. శిక్షణ పూర్తవడానికి ఇంకా ఐదు వారాలు. నిజం బోర్డు మీద కూర్చోబెట్టి నెలైంది. బదులు మనిషి వచ్చేదాకా సీటు వదలకూడదని రూలు. ఎవరు పాటించారు? పక్కవాళ్ళు రెండు సీట్లూ కాసేవాళ్ళు. అందరిదీ ఒకే గొంతు, అవతలివాళ్ళకి తేడా తెలిసేది కాదు. నేను తినడానికి వెళ్తే నా కాల్స్ నువ్వు కలిపి, కాల్ వివరాలు రాసే టికెట్ మీద నా సీటు నంబరు వేసేదానివి. నువ్వు వెళ్తే నేను. అలాగే ఆరోజూ వెళ్ళాను. ఇరవై నిమిషాల్లో వచ్చాను. నీ మొహంలో నెత్తురు లేదు. ఏమైందే అంటే తల అడ్డంగా ఊపావు.

వారం తర్వాత నన్ను పిలిచారు. బల్లమీద ఒక కాల్ టికెట్. సీటు పదకొండు. ఒకాయన కుట్టుపని నేర్పే బడిలో టీచరుగా ఉన్న చెల్లెలికి ఫోన్ చేశాడు. లైను బాగాలేదు, మాట అందడం లేదు. "నాన్న పోయారు, వెంటనే రమ్మని చెప్పండి" అని ఆపరేటర్ని అడిగాడు. ఆపరేటర్ "నాన్నకి ఒంట్లో బాగాలేదట, రమ్మంటున్నారు" అని చెప్పింది. ఆవిడ ఆ పూట క్లాసు ముగించుకుని, మర్నాడు పొద్దున్న బయల్దేరింది. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తండ్రి చివరి చూపు దక్కలేదు. అన్న ఫిర్యాదు రాశాడు.

"ఇది నువ్వేనా?" అని అడిగారు. కాదంటే సీటు వదిలినట్టు. అప్పుడు ఇద్దరం బయటికి. అవునంటే నేనొక్కదాన్ని. అవునన్నాను.

దీన్ని త్యాగమని మీ ముందుమాటలో రాసుకుంటావేమో, అక్కర్లేదు. నువ్వే లేచి వచ్చి చెబుతావని అన్నాను. తలుపు అద్దంలోంచి నువ్వు కనబడుతూనే ఉన్నావు. వెన్ను నిటారుగా పెట్టి, "నంబరు ప్లీజ్" అంటున్నావు. కాగితం పెట్టినా కదలదు. మూడు అంతస్తులు దిగాను. ప్రతి మలుపు దగ్గరా ఆగాను, వెనక చెప్పుల చప్పుడు వస్తుందేమోనని.

ఆ ఉద్యోగం నాకు కావాలి గంటా. మా ఇంట్లో జీతం తెచ్చే మొదటి ఆడపిల్లని. వీధిలో అందరికీ చెప్పుకున్నాడు మా నాన్న. తర్వాత వీధి మారాం. ఓవెన్ పని నాకు ఇష్టమే, ఇప్పుడు దేనికీ మార్చుకోను. అయినా పదేళ్ళపాటు ఎక్కడ ఫోన్ మోగినా నా చెయ్యి ప్లగ్గు కోసం లేచేది.

అతిథిగా రమ్మన్నావు. ఆ మాట నీ చేత్తో ఎలా రాయగలిగావే?

పిల్లి


మేడమీది గది, తలుపేసుకుని
మార్చి 14

పిల్లీ,

దిద్దడానికేమీ లేదు. నువ్వు రాసినదాంట్లో నాకు తెలియనిది ఒక్కటే, మలుపు మలుపుకీ ఆగావన్నది. అది చదివాక రెండు రోజులు మా మేడమెట్ల మలుపు దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. మా ఆయన డాక్టరుకి చూపిద్దామన్నారు.

నీకు తెలియనిది ఒకటి ఉంది. సాకు కాదు, జరిగింది.

ఆ అన్నగారి మాట విని, ఆవిడ వైపు మీట నొక్కాను. చెప్పింది చెప్పినట్టు, మన గొంతు లేకుండా చేరవెయ్యాలి, అదే పాఠం. "మీ ఇంటినుంచి కాల్. మీ నాన్న" అని మొదలుపెట్టాను. అంతే, ఆవిడ మధ్యలో అందుకుని "నాన్నా? నాన్నేనా? నాన్న నాకు ఫోన్ చేశారా?" అంది. పిల్లీ, అంత సంతోషం నేను ఏ లైన్లోనూ వినలేదు, ముప్ఫై ఆరేళ్ళలో మళ్ళీ వినలేదు. ఎన్నాళ్ళనుంచో ఆ ఫోను కోసమే కూర్చున్న మనిషిలా అంది. నా నోట్లో ఉన్న మాట ఉన్నట్టే ఉండిపోయింది. వేరే మాట వచ్చేసింది. జాలిపడ్డాను. జాలిపడమని మనల్ని అక్కడ కూర్చోబెట్టలేదు.

నిన్ను పిలిచిన రోజు నేనెందుకు లేవలేదో చెప్పమంటే, భయం. ఇంకో పేరు పెట్టను. లేద్దామని రెండుసార్లు హెడ్‌సెట్ తీశాను. రెండుసార్లూ దీపం వెలిగింది, కాల్ అందుకున్నాను. దీపం వెలిగినందుకు సంతోషించాను కూడా. మధ్యాహ్నం అలమార దగ్గరికి వెళ్తే, మన డబ్బా నిండుగా ఉంది. నేనేం చేశానో తెలుసా? సగం తిన్నాను. మధ్యలో గీత గీసి, నీ సగానికి మూతపెట్టి వచ్చాను. సాయంత్రం దాకా అది అక్కడే ఉంది.

రేపు చెబుదాం అనుకున్నాను, వచ్చేవారం అనుకున్నాను. ఏడాది తిరిగాక చెప్పడమెలాగో తెలియలేదు. పదేళ్ళయ్యాక చెప్పేందుకు అక్కడ మేడం లేరు. నన్ను సీనియర్ని చేశారు, సూపర్‌వైజర్ని చేశారు. కొత్త పిల్లలకి మొదటిరోజు నేను చెప్పే పాఠం ఏమిటో ఊహించుకో. "విన్నది విన్నట్టే చెప్పాలి." పుస్తకం మొదటి పేజీలో జాబితా నా ఫొటో వేస్తోంది. కింద "ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క ఫిర్యాదు లేని ఆపరేటర్" అని. మా కోడలు ఆ పేజీని ఫ్రేం కట్టించి హాల్లో పెడతానంటోంది. నిజమే కదా, నా పేరు మీద ఫిర్యాదు లేదు. నీ పేరు మీద ఉంది.

నీ పేరు జాబితాలో వేయించాలంటే నేను నోరు విప్పాలి. మొదటి ఉత్తరం రాసినప్పుడే ఆ సంగతి తెలుసు. నిఘంటువుతో పని జరిగిపోతుందేమోనని ఆశపడ్డాను. ఆ మాట పుట్టుక పట్టుకుని వాదిస్తే, నా తప్పు ఒప్పుకోకుండానే నిన్ను తిరిగి తెచ్చుకోవచ్చనుకున్నాను.

ఆ టీచరమ్మ తర్వాత ఏమైందో? నీకేమైనా తెలుసా? ఇప్పటికీ ఆవిడ "నాన్నేనా?" అనడం నా చెవిలో ఉంది.

గంట


బేకరీ, వెనక గది
ఏప్రిల్ 1

గంటా,

మొదటి వాయి తీసి, రెండోది పెట్టే మధ్యలో రాస్తున్నాను. పెద్ద ఉత్తరం కాదు.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. క్షమించానని రాయమని నువ్వడగలేదు, మంచిపని చేశావు. అడిగితే రాయలేను.

అతిథిగా రాను. వస్తే పదకొండో సీటుగా వస్తాను. దానికి ఏం చెయ్యాలో నీకు తెలుసు, చెయ్యడం నీ ఇష్టం. చెయ్యకపోతే కొత్తగా కోపం తెచ్చుకోను. పాతదే చాలినంత ఉంది.

ఆ టీచరమ్మ సంగతి నన్నడక్కు.

చెంచా గీత నీ వైపు పెద్దగా గీసిన మాట నిజమే. నువ్వు పొడుగు, నీకు ఆకలెక్కువ. అంతకుమించి ఏమీ లేదు.

పిల్లి


మేడమీది గది
ఏప్రిల్ 23

పిల్లీ,

దీనితోపాటు ఒక అచ్చు కాగితం పెడుతున్నాను. పుస్తకం మొదటి పేజీ. నా ఫొటో తీయించేశాను. ఫొటో బదులు ఇది ఉంటుంది. తిరగరాయడానికి రెండు వారాలు పట్టింది. రాసిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట మెత్తబరిచేదాన్ని. మా ఆయన పెన్సిలు పట్టుకుని కూర్చుని, "ఇది అక్కర్లేదు, ఇది నీ మీద నువ్వు జాలిపడ్డం, ఇదీ కొట్టెయ్" అంటూ కొట్టేశారు. మిగిలింది ఇంతే.

"మన శిక్షణ చివరి రోజుల్లో సీటు పదకొండు నుంచి ఒక చావు కబురు మార్చి చెప్పారని ఫిర్యాదు వచ్చింది. ఆ సీటు అమ్మాయిని తీసేశారు. ఆ సమయంలో ఆ సీటులో ఉన్నది ఆమె కాదు. పక్క సీటునుంచి రెండూ కాస్తున్న నేను. కబురు మార్చింది నేను. ఆమెని పిలిచినప్పుడు నాకు తెలుసు. నేను లేవలేదు. తర్వాత ముప్ఫై ఎనిమిదేళ్ళూ చెప్పలేదు. నా సర్వీసులో ఒక్క ఫిర్యాదూ లేదన్నది అబద్ధం. ఒకటి ఉంది. సీటు పన్నెండు."

జాబితా వాళ్ళింట్లో అందరి ముందూ నేనే చదివాను. కాగితం పెదాల ముందు పెట్టుకోలేదు. పెట్టుంటే ఎగిరిపోయేది. గొంతు ఎన్నిచోట్ల విరిగిందో నాకే తెలియదు.

చదవడం అయ్యాక తుమ్ము లేచి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఇంతవరకూ ఫోన్ ఎత్తడం లేదు. ఎవరో ఒకామె "ఇప్పుడెందుకు ఇదంతా, పండగలా కలుసుకుందామనుకుంటే" అంది. జాబితా మాత్రం కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. తర్వాత మెల్లగా, "నేనూ మూడో సీటు కాసేదాన్ని, రోజూ. ఆ కాల్ నాకు వచ్చి ఉంటే నేనేం చెప్పేదాన్నో" అంది. లోపలికి వెళ్ళి తన జాబితా తెచ్చింది. పదికీ పన్నెండుకీ మధ్య చోటు లేదు. మొత్తం జాబితా మళ్ళీ మొదటినుంచి రాసింది, తన చేత్తో, ఇరవై నాలుగూ.

మా కోడలు ఫ్రేం మాట ఎత్తడం లేదు. భోజనాల దగ్గర ఒకసారి నావైపు చూసి తల దించుకుంది. మా అబ్బాయి "ఎందుకమ్మా, ఎవరడిగారు?" అన్నాడు. ఎవరూ అడగలేదు, అందుకే ఇన్నేళ్ళు పట్టింది అని చెప్పాను.

నువ్వు వస్తావో రావో నీ ఇష్టం. నీ పేరు మాత్రం దాని చోట్లో అది ఉంది. నువ్వు రాకపోయినా తీయరు.

గంట


బేకరీ, వెనక గది, తలుపు గడియపెట్టి
మే 4

ఒసేయ్ గంటా,

నీ కాగితం మా అమ్మాయికి ఇచ్చి చదవమన్నాను. నన్ను ఎందుకు తీసేశారో దానికి నేను ఎప్పుడూ చెప్పలేదు. చదివి, "అమ్మా, నువ్వు ఆపరేటర్‌గా బాగా చేసేదానివా?" అని అడిగింది. బాగా చేసేదాన్ని అన్నాను. ఆ మాట మా ఇంట్లో నా నోటివెంట రావడం అదే మొదలు. ఏడ్చాను. ఓవెన్ వేడికి అని చెబితే అది నమ్మలేదు.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఉంది. కూర్చుని చదువు.

నన్ను తీసేశాక, క్షమాపణ ఉత్తరం రాసివ్వమన్నారు. రాయలేదు. ఆ టీచరమ్మ అడ్రసు టికెట్ మీద చూసి గుర్తుపెట్టుకుని, స్వయంగా వెళ్ళాను. క్షమాపణ చెప్పడానికి కాదు. ఆ పని చేసింది నేను కాదనీ, ఎవరు చేశారో చెబుతాననీ వెళ్ళాను. నీ అసలు పేరు నోట్లో సిద్ధంగా పెట్టుకుని వెళ్ళాను. ఆ కుట్టు బడి రెండు గదులు, వరసగా మిషన్లు. ఆవిడ ఒక్కతే కూర్చుని ఎవరిదో జాకెట్టుకి కుట్లు విప్పుతోంది. ఎక్స్‌ఛేంజి నుంచి వచ్చానని చెప్పాను. నేనింకేమీ అనకముందే ఆవిడ మాట్లాడింది. ఆవిడ అన్న మాటలు అన్నట్టుగా రాస్తున్నాను. ఒక్క మాట కలపలేదు, ఒక్కటి తియ్యలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా రోజూ వింటున్నాను కాబట్టి పోలేదు.

"నువ్వు కాదు. ఆ అమ్మాయి గొంతు వణికింది, నీది వణకదు. రెండేళ్ళుగా నాన్నకీ నాకూ మాటల్లేవు. ఒంట్లో బాగాలేక పిలిచాడంటే నన్ను క్షమించాడనుకున్నాను. ఆ సాయంత్రమంతా, మర్నాడు బస్సులోనూ ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను. రెండేళ్ళవి అన్నీ చెప్పేశాను. నిజం చెప్పి ఉంటే ఆ మాటలు నాకు ఎప్పటికీ వచ్చేవి కావు. చివరి చూపు పోయింది, ఆ బాధ పోదు. కానీ ఫిర్యాదు నాది కాదు, అన్నయ్యది. ఆ అమ్మాయి కనబడితే చెప్పు, నేను ఆమెని తిట్టుకోవడం లేదని. తప్పకుండా చెప్పు."

చెబుతానని మాట ఇచ్చాను. బయటికి వచ్చాక, చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. నేను మెట్లు దిగుతుంటే నువ్వు లేవలేదు. ఈ కబురు అందితే నీకు నిద్ర పడుతుంది. పట్టకూడదనుకున్నాను. నా దగ్గర నీకు వెయ్యగల శిక్ష అదొక్కటే ఉంది, అది వేశాను. మొదట కోపంతో దాచాను, తర్వాత అలవాటై దాచాను. మొన్న నువ్వు ఆవిడ సంగతి అడిగినప్పుడు కూడా, చేతిలో పెన్ను పట్టుకుని మరీ దాచాను.

నువ్వు ఒక కబురు మార్చావు. నేను ఒక కబురు ఆపేశాను. మన పనిలో రెంటికీ క్షమాపణ లేదు. నీది ఒక్క నిమిషంలో జరిగిపోయింది. నాది ముప్ఫై ఎనిమిదేళ్ళు రోజూ చేశాను.

పుస్తకం ఇంకా అచ్చుకి వెళ్ళకపోతే, నీ పేజీ కింద నాది కూడా వెయ్యమని జాబితాకి చెప్పు. సీటు పదకొండు, ఈ ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు. నువ్వొక్కదానివే ఆ పేజీలో నిలబడితే నాకు బాగుండదు. తుమ్ముకి కూడా చూపించు, ఎవరిమీద అలగాలో తేల్చుకుంటుంది.

నన్ను వెంటనే క్షమించెయ్యకు. నీకా జాలిగుణం ఉంది, నాకు తెలుసు. రెండు రోజులు బాగా కోప్పడు. పదకొండో తారీకు మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. కోపం ఇంకా మిగిలి ఉంటే బస్టాండుకి వచ్చి తిట్టు. నేను దిగేదాకా మాత్రం అక్కడే ఉండు.

నీ పిల్లి